మోర్మన్ సంఘం: సమర్థకులూ అసమ్మతివాదులూ ఒకే చరిత్ర చదివి ఎందుకు విడిపోతున్నారు?

జోర్డాన్‌లోయ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. యూటాలో లీహై దగ్గర ఉంటాను, సాఫ్ట్‌వేర్ పని. మా టీమ్‌లో సగానికి పైగా మోర్మన్లే. 2018 నుంచి వాళ్ళు ఆ పేరు వద్దంటున్నారు, ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అని పూర్తిగా అనమంటున్నారు. చదివేవాళ్ళకి పోల్చుకోవడం తేలికని ఇక్కడ పాత పేరే రాస్తున్నాను, ఎవరినీ నొప్పించడానికి కాదు.

మా ఆఫీసులో ఇద్దరు అన్నదమ్ములున్నారు. పెద్దాయన సంఘం తరఫున వాదిస్తూ వ్యాసాలు రాస్తాడు. చిన్నాయన సభ్యత్వం నుంచి పేరు తీయించుకున్నాడు. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాను. ఇద్దరూ చెప్పే సంగతులు ఒకటే. అవే సంవత్సరాలు, అవే పేర్లు, అవే పత్రాలు. పండగకి మాత్రం ఒకే బల్ల దగ్గర కూర్చోలేరు. ఒకప్పుడు బయట చెప్పినందుకు మనుషుల్ని వెలివేసిన సంగతులే ఇవాళ సంఘం సొంత వెబ్‌సైటులో ఉన్నాయట. మరి తగువు దేని గురించి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతప్రతులు

మంచి ప్రశ్న అడిగారండీ. ఈ తగువు ఇంటర్నెట్‌తో వచ్చిందని చాలామంది అనుకుంటారు. నేనైతే 1844లో మొదలుపెడతాను.

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో సంఘం స్థాపించాడు. పద్నాలుగేళ్ళ తర్వాత ఇల్లినాయ్‌లో నావూ అనే ఊరికి ఆయనే ప్రవక్త, ఆయనే మేయరు, అక్కడి సైనిక దళానికి ఆయనే అధిపతి. విలియమ్ లా అని ఆయనకి ఇద్దరు ముఖ్య సలహాదారుల్లో ఒకడు. ఈ లా బయటి శత్రువు కాడు. మోర్మన్ గ్రంథాన్ని (బంగారు పలకల మీది రాతకి తన అనువాదమని జోసెఫ్ ఇచ్చిన లేఖనం) నమ్మినవాడు, డబ్బూ పేరూ రెండూ సంఘం కోసం ధారపోసినవాడు. ప్రవక్త రహస్యంగా బహుభార్యాత్వం నడిపిస్తున్నాడనీ, మతాధికారమూ రాజ్యాధికారమూ ఒకే చేతిలో ఉండకూడదనీ ఎదురు తిరిగాడు. ఆ ఏప్రిల్‌లోనే వెలివేశారు. జూన్ 7న తోటివాళ్ళతో కలిసి ‘నావూ ఎక్స్‌పోజిటర్’ అనే పత్రిక తెచ్చాడు. ఒకే ఒక్క సంచిక. జూన్ 10న నగర మండలి ఆ ప్రెస్సుని ధ్వంసం చేయమంది, చేసేశారు. ఆ కేసులోనే జోసెఫ్, అన్న హైరమ్ కార్తేజ్ జైలుకి వెళ్ళారు. జూన్ 27న ఒక మూక జైలు మీద పడి ఇద్దరినీ కాల్చి చంపింది.

సంఘం దృష్టిలో అది బలిదానం. ఆ మూక చేసింది హత్యే, అందులో వాదం లేదు. కానీ ఆ పత్రికలో బహుభార్యాత్వం గురించి లా రాసిన ప్రధాన ఆరోపణ? 2014 అక్టోబరులో సంఘమే తన వెబ్‌సైటులో ఒక వ్యాసం పెట్టింది. జోసెఫ్‌కి ముప్ఫై నుంచి నలభై మంది భార్యలు ఉండొచ్చనీ, వాళ్ళలో కొందరికి అప్పటికే భర్తలున్నారనీ, హెలెన్ మార్ కింబల్ అనే అమ్మాయికి పెళ్ళినాటికి పదిహేనో ఏడు ఇంకా నిండలేదనీ అందులో ఉంది. లా ఆ మాట అచ్చువేసిన 170 ఏళ్ళకి. మీ ఆఫీసు అన్నదమ్ముల మధ్య ఉన్నది ఆ 170 ఏళ్ళేనని నా నమ్మకం.

సికింద్రాబాద్ సభ్యుడు

నేను రెండో తరం సభ్యుణ్ణి. మా నాయన చిన్నప్పుడు చేరిండు. ఇక్కడ రాసేటోళ్ళలో సంఘంలో ఉన్నోణ్ణి నేనొక్కణ్ణే అనిపిస్తుంది, అందుకే నా మాట కూడా వినుండ్రి.

హైదరాబాద్‌ల మా సంఘం ఎట్ల మొదలైందో తెలుసా? ఎడ్విన్ ధర్మరాజు గారు కీటకశాస్త్రవేత్త. సమోవా దీవుల్ల పని చేసేటప్పుడు భార్య ఎల్సీ గారితోని సంఘంల చేరిండు. 1978 డిసెంబరుల ఇద్దరూ సువార్త సేవకులుగ సొంతూరికి వచ్చి సొంత బంధువులకే బాప్తిస్మం ఇచ్చిండ్రు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగుల పెట్టిన పనిల కూడా ఆయన చెయ్యి ఉంది. 2012ల ఇండియాల మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) హైదరాబాద్‌లనే ఏర్పడ్డది. మాకు ఈ విశ్వాసం పత్రాల నుంచి రాలే. కుటుంబం నుంచి, ప్రార్థన నుంచి వచ్చింది.

ఇగ విమర్శకుల సంగతి. 2013ల జెరెమీ రన్నెల్స్ అనే ఆయన సంఘం మీద ప్రశ్నలు పేర్చి రాసిన ‘సీఈఎస్ లెటర్’ అనే ఉత్తరం నాకు వాట్సాప్‌ల ఎవరో పంపిండ్రు. అండ్ల పెద్ద ప్రశ్నలున్నయ్, చిన్న ప్రశ్నలున్నయ్, ఉత్త పోలికలు కూడా ఉన్నయ్. అన్నీ ఒకే బరువుతోని పెట్టిండు. గంపెడు రాళ్ళు ఒక్కసారే నెత్తిన కుమ్మరించి, ఇప్పుడు ఒక్కొక్కటి ఏరుకో అన్నట్టు. ప్రశ్న అడగనీకి రెండు వాక్యాలు చాలు. జవాబు చెప్పనీకి ఇరవై పేజీలు కావాలె. సమర్థకులు ఆ ఇరవై పేజీలు రాస్తరు. వాళ్ళని అబద్ధాలకోరులంటే నాకు బాధ అయితది.

గడపదాటినవాణ్ణి

బ్రదర్, మీ మాటలో న్యాయముంది. ఆ ఉత్తరంలో కొన్ని పోలికలు తేలికైనవే, నేనూ ఒప్పుకుంటాను. కానీ నేను బయటికి వచ్చింది ఆ ఉత్తరం చదివి కాదు. అబ్రాహాము గ్రంథం ఒక్కటి చాలింది. తెలియనివాళ్ళ కోసం వివరంగా రాస్తాను.

1835లో ఒహాయోలోని కర్ట్‌లండ్‌కి ఒకాయన ఈజిప్టు మమ్మీలు, పపైరస్ చుట్టలు తెచ్చి ప్రదర్శన పెట్టాడు. సంఘం వాళ్ళు వాటిని 2,400 డాలర్లు పెట్టి కొన్నారు. అందులో అబ్రాహాము రాతలున్నాయని జోసెఫ్ చెప్పాడు. ఆ అనువాదం 1842లో అచ్చయింది, తర్వాత లేఖనాల్లో చేరింది. దాంట్లో మూడు బొమ్మలు, వాటికి ఆయన రాసిన వివరణలు కూడా ఉన్నాయి. పపైరస్‌లు చికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయని అంతా అనుకున్నారు. 1966లో యూటా విశ్వవిద్యాలయం ఆచార్యుడు అజీజ్ అతియా (ఆయన మోర్మన్ కాదు, ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవుడు) న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో వాటి ముక్కలు చూశాడు. 1967 నవంబరులో మ్యూజియం వాటిని సంఘానికి ఇచ్చేసింది.

ఒక మాట సంఘం పక్షాన చెప్పాలి. దాచలేదు. కొద్ది నెలల్లోనే తన పత్రికలో ఫొటోలు అచ్చువేసింది. అప్పుడు ఈజిప్టు లిపి తెలిసినవాళ్ళు చదివారు. అది హోర్ అనే పూజారి శవంతో పాటు పెట్టిన అంత్యక్రియల పాఠం. అబ్రాహాము కాలం అనుకునేదానికి ఎన్నో శతాబ్దాల తర్వాతది. బలిపీఠం మీద అబ్రాహాము పడుకుని ఉన్నాడని జోసెఫ్ చెప్పిన బొమ్మలో ఉన్నది చనిపోయినవాణ్ణి తిరిగి లేపే ఈజిప్టు క్రతువు. అబ్రాహాము పేరు ఆ ముక్కల్లో ఎక్కడా లేదు. ఇది విమర్శకుల మాట అనకండి. 2014 జూలైలో సంఘం పెట్టిన వ్యాసంలోనే, సభ్యులైన ఈజిప్టు నిపుణులూ బయటివాళ్ళూ ఈ విషయంలో ఏకీభవిస్తున్నారని ఉంది.

నేను పద్నాలుగేళ్ళ వయసులో ఆ బొమ్మ చూపించి పాఠం చెప్పాను. ఎవరూ నాతో అబద్ధమాడలేదు. నాకు చెప్పినవాళ్ళకీ తెలియదు, అంతే. 1968లో అచ్చయిన సంగతి నా దాకా రావడానికి అన్నేళ్ళు పట్టిందే, దాన్ని నేను మర్చిపోలేను.

సికింద్రాబాద్ సభ్యుడు

అన్నా, నేను ఆ వ్యాసం చదివిన. రెండు రాత్రులు నిద్ర పట్టలే, నిజం చెప్తున్న. కానీ నేను ఇంకో తీరుగ చూస్తున్న. ఆ పపైరస్ ముంగట పెట్టుకున్నప్పుడు ఆయనకి ప్రకటన వచ్చింది. నిఘంటువు పెట్టుకుని ఒక్కొక్క మాట మార్చిన పని కాదది. మోర్మన్ గ్రంథమప్పుడు కూడా చాలాసార్లు పలకల దిక్కు చూడకుండనే చెప్పిండని సంఘమే అంటుంది. అప్పుడు ఆయన పలకలకి బదులు చూసిన రాయి ఫొటో కూడా 2015ల బయటపెట్టిండ్రు. దేవుడు మాట్లాడనీకి ఆ కాగితం ఒక సందర్భమైంది అంటే మీకు ఎందుకు కుదరదు?

గడపదాటినవాణ్ణి

కుదరదనలేదు బ్రదర్. దాన్ని పట్టుకుని ఉన్న మంచి మనుషులు నాకు తెలుసు. నా ఇబ్బంది వేరు. హ్యూ నిబ్లీ అనే మోర్మన్ పండితుడి కాలం నుంచి సమర్థకులు ఒకే జవాబు మీద నిలబడలేదు. అసలు చుట్ట పోయింది, మనకి దొరికినవి వేరే ముక్కలు అన్నారు కొందరు. జాన్ గీ అనే మోర్మన్ ఈజిప్టు నిపుణుడు ఇప్పటికీ పోయిన చుట్ట వాదం వైపే. మిగిలిన ముక్కలు ఎంత చుట్టుకున్నాయో కొలిచి, పోయింది అంత పొడవుండే వీలు లేదని వేరేవాళ్ళు లెక్క కట్టారు. మీరు చెప్పిన ప్రకటన జవాబు ఇంకొకటి. రెండూ ఒకేసారి నిజం కానక్కర్లేదు కదా. అయినా ఏ జవాబు పట్టుకున్నా సంఘంలో ఉండొచ్చు. జవాబు లేదన్నవాడికే చోటు లేదు.

పాస్టర్‌గారబ్బాయి_గుంటూరు

మీరింత లోతుకి ఎందుకు వెళ్తున్నారో తెలియట్లేదు. వాళ్ళు త్రిత్వాన్ని నమ్మరు, బైబిలుకి ఇంకో గ్రంథం కలిపారు. అసలు క్రైస్తవులే కారు. అక్కడితో అయిపోయింది.

పాతప్రతులు

దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, నేనూ వస్తాను. మీకు నచ్చే ఒక సంగతి మాత్రం ఇక్కడే చెప్తాను.

జెరాల్డ్ టానర్, సాండ్రా టానర్ అనే దంపతులు. సాండ్రా, జోసెఫ్ తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ వంశస్థురాలు. ఇద్దరూ సంఘం వదిలి మీలాంటి నమ్మకం వైపు వెళ్ళారు. సాల్ట్‌లేక్‌లోనే ఉంటూ, సంఘం పాత పత్రాలు అచ్చువేసి అమ్ముతూ జీవితమంతా గడిపారు. 1980ల్లో మార్క్ హాఫ్‌మన్ అనేవాడు వరసపెట్టి పాత పత్రాలు ‘కనుక్కోవడం’ మొదలుపెట్టాడు. వాటిలో ఒక ఉత్తరంలో, బంగారు పలకల దగ్గర జోసెఫ్‌కి కనబడింది దేవదూత కాదు, తెల్లటి సాలమాండర్ (బల్లిలాంటి జీవి) అని ఉంది. విమర్శకులకి అంతకంటే ఏం కావాలి? విశ్వాసులైన కొందరు పండితులు దానికి వివరణలు వెతికే పనిలో పడ్డారు. జెరాల్డ్ టానర్ మాత్రం 1984లోనే అది నకిలీ కావచ్చని అచ్చులో రాశాడు. 1834 నాటి ఒక మోర్మన్ వ్యతిరేక పుస్తకంలోని మాటలు అందులో కనిపిస్తున్నాయన్నాడు. తన పక్షానికి లాభమయ్యే పత్రాన్నే ఆయన అనుమానించాడు.

1985 అక్టోబరులో హాఫ్‌మన్ తన మోసం బయటపడకుండా బాంబులు పెట్టి ఇద్దర్ని చంపాడు. ఆ పత్రాలు దొంగవని తేలింది. సంఘం నాయకత్వమూ, సమర్థకులూ, చరిత్రకారులూ, అమెరికాలో పేరున్న పత్ర నిపుణులూ మోసపోయారు. ఈ మొత్తం చరిత్రలో ఎవరిని గౌరవించాలని అడిగితే నేను మొదట చెప్పేది ఆ ఒక్క వ్యాసం గురించే.

పాస్టర్‌గారబ్బాయి_గుంటూరు

ఇది నాకు తెలియదండీ. చదువుతాను.

అట్లాంటా అక్క

ఇంతసేపూ పత్రాలే అయ్యాయి, మనుషుల దగ్గరికి రండి. నేను సభ్యురాలిని కాను. ఇక్కడి విశ్వవిద్యాలయంలో అమెరికా మతచరిత్ర చదివాను, అందులో నన్ను బాగా పట్టుకున్నది లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్ కథ.

1993 మేలో బోయిడ్ ప్యాకర్ అనే అపొస్తలుడు (సంఘం పైస్థాయి నాయకుల్లో ఒకడు) సంఘానికి మూడు వైపుల నుంచి ప్రమాదమని ప్రసంగించాడు: స్వలింగ సంపర్కుల ఉద్యమం, స్త్రీవాద ఉద్యమం, పండితులమని చెప్పుకునేవాళ్ళు. అదే సెప్టెంబరులో ఆరుగురి మీద విచారణ జరిగింది. ఐదుగుర్ని వెలివేశారు, లిన్ వైట్‌సైడ్స్ అనే ఆవిడకి సభ్యత్వం ఉంచి హక్కులు తీసేశారు. ‘సెప్టెంబరు ఆరుగురు’ అనే పేరు అలా వచ్చింది. వాళ్ళలో చరిత్రకారుడు మైకేల్ క్విన్ ఉన్నాడు. 1890లో బహుభార్యాత్వం ఆపేశామని ప్రకటించిన తర్వాత కూడా కొందరు నాయకుల అనుమతితో అలాంటి పెళ్ళిళ్ళు జరిగాయని ఆయన 1985లో ఆధారాలతో రాశాడు. ఇవాళ సంఘం వ్యాసంలోనే ఆ సంగతి ఉంది.

లవీనా చేసిందల్లా నాయకుల చేతుల్లో పండితులూ రచయితలూ ఎలా నలిగారో తేదీల వారీగా రాసి ప్రచురించడం. వెలివేశాక ఆవిడ ఏం చేసిందో తెలుసా? మానలేదు. ప్రతి ఆదివారం అదే వార్డుకి (తన స్థానిక సంఘానికి) వెళ్ళి కూర్చునేది. ప్రభు భోజనపు రొట్టె ఆవిడకి లేదు, సభలో ప్రార్థన చెప్పే వీలు లేదు. ముప్ఫై ఏళ్ళు! 2019లో తిరిగి బాప్తిస్మం ఇమ్మని అడిగితే స్థానిక నాయకులు సరేనన్నా పైనుంచి కాదన్నారు. 2023లో కన్నుమూసింది.

సభ్యుడు గారూ, మీకు కోపం తెప్పించాలని కాదు. అసమ్మతి అంటే ద్వేషమని మీ సంఘంలో చాలామంది అనుకుంటారు. ఆవిణ్ణి ద్వేషించే మనిషని ఎలా అంటారు?

సికింద్రాబాద్ సభ్యుడు

అనలేనక్కా. ఆవిడ సంగతి నేను ఇంతకుముందు వినలే. చదివి మనసు పాడైంది.

కానీ నాయకుల దిక్కు నుంచి కూడా ఒక మాట చెప్పనీయండి. ప్రశ్న అడిగినందుకు ఎవ్వరినీ తీసెయ్యరు. నేను మా బిషప్‌ని (మా వార్డు పెద్ద) అబ్రాహాము గ్రంథం గురించి అడిగిన, ఆయన గంటసేపు నాతోని కూర్చున్నడు. సంఘం తప్పని వేదిక పెట్టి, మందిని కూడగట్టి చెప్పుకుంట, మళ్ళా సభ్యుణ్ణే అంటే ఏ సంస్థ ఊకుంటది? జాన్ డెలిన్ 2005 నుంచి పాడ్‌కాస్ట్ నడిపిండు, 2015ల తీసేసిండ్రు. పదేళ్ళు. అది తొందరపాటు ఎట్లయితది?

అట్లాంటా అక్క

డెలిన్ విషయంలో మీ వాదనకి బలముంది. మరి కేట్ కెల్లీ? ఆవిడ సంఘం తప్పనలేదు. స్త్రీలకి కూడా యాజకత్వం ఇమ్మని దేవుణ్ణి అడగండని ప్రవక్తనే (వాళ్ళకి సంఘం అధ్యక్షుడే ప్రవక్త) వేడుకుంది. 2013లో ఉద్యమం, 2014 జూన్‌లో వెలి. మీరన్న ‘వేదిక’ గీత ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చాలా ముందుకి జరిగిందనే నేనంటాను. వార్డులో చివరి నిర్ణయం మగవాళ్ళదే అయినప్పుడు లోపల అడగడమంటే ఎవరిని అడగడం? విచారణ మండలిలో కూర్చునేదీ మగవాళ్ళేనాయె.

పాతప్రతులు

సమర్థకులది కూడా సుఖమైన బతుకు కాదు. ఈ సంగతి రెండు వైపులవాళ్ళూ మర్చిపోతారు.

1979లో జాన్ వెల్చ్ మొదలుపెట్టిన ఫార్మ్స్ అనే సంస్థ మోర్మన్ గ్రంథాన్ని పాండిత్యంతో సమర్థించడానికి పుట్టింది. తర్వాత బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో కలిసింది, మాక్స్‌వెల్ ఇన్‌స్టిట్యూట్ అయింది. డేనియల్ పీటర్సన్ అక్కడి సమీక్షా పత్రికని ఇరవై ఏళ్ళకి పైగా నడిపాడు. విమర్శకుల పుస్తకం వస్తే ఆ పత్రికలో గట్టి జవాబు ఉండేది, ఒక్కోసారి మనిషి మీదకే వెళ్ళేది. 2012లో ఆయన్ని సంపాదకత్వం నుంచి తీసేశారు. విదేశంలో ఉండగా ఈమెయిల్‌లో తెలిసింది. అప్పటికే డెలిన్ మీద రాసిన ఒక సుదీర్ఘ విమర్శ ప్రచురణకి రాకుండా ఆగింది. విశ్వవిద్యాలయానికి విద్యాసంస్థల మధ్య మర్యాద కావాలి, పోట్లాట కాదు. ఆయన కొద్ది వారాల్లోనే ‘ఇంటర్‌ప్రెటర్’ అని వేరే పత్రిక పెట్టుకున్నాడు.

అంతకుముందు లియొనార్డ్ ఆరింగ్‌టన్. 1972లో సంఘానికి అధికారిక చరిత్రకారుడయ్యాడు. నిండు విశ్వాసి. భాండాగారం తలుపులు తీశాడు, కుర్ర చరిత్రకారుల్ని చేర్చుకున్నాడు. నిజం చెప్తే విశ్వాసం బలపడుతుందని ఆయన నమ్మకం. పైవాళ్ళకి గుబులు పుట్టింది. పదేళ్ళు తిరిగేసరికి ఆయన విభాగాన్ని సాల్ట్‌లేక్ నుంచి ప్రోవోకి పంపి పదవి తీసేశారు. నిజమైనవన్నీ ఉపయోగపడవని ప్యాకర్ అన్నది ఆ రోజుల్లోనే, 1981లో. ఆరింగ్‌టన్ కలగన్న పని తర్వాత సంఘమే చేసింది. జోసెఫ్ స్మిత్ పత్రాల్ని 2008 నుంచి 2023 దాకా సంపుటాలుగా అచ్చువేసింది. అది గొప్ప పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ముందు చెప్పినవాళ్ళకి క్షమాపణ రాలేదు.

జోర్డాన్‌లోయ

చిన్నాయన నాతో అన్నది ఇప్పుడు అర్థమవుతోంది. “వాళ్ళు చెప్పింది తప్పని నేను వెళ్ళలేదు, చెప్పినవాళ్ళని ఏం చేశారో చూసి వెళ్ళాను” అన్నాడు.

ఇంకో అనుమానం. పెద్దాయనకి తమ్ముడు వెళ్ళిపోతే అంత దుఃఖం దేనికి? మన దగ్గర ఇంట్లో ఒకడు గుడికి రాకపోతే ఎవరూ ఏడవరు కదా.

గడపదాటినవాణ్ణి

వాళ్ళకి కుటుంబం చావుతో ఆగదండీ. టెంపుల్‌లో భార్యాభర్తల్ని, పిల్లల్ని నిత్యత్వానికీ ఒక కుటుంబంగా కలుపుతూ ముద్రవేస్తారు. ఒకడు పేరు తీయించుకుంటే ఆ గొలుసులో ఒక లంకె తెగినట్టే. మా అమ్మ నాతో ఎప్పుడూ వాదించలేదు. టెంపుల్ ప్రార్థన జాబితాలో నా పేరు రాయిస్తుంది. ఆ బాధని వెటకారం చేసే మాజీ సభ్యుల్ని చూస్తే నాకు కోపం వస్తుంది.

సికింద్రాబాద్ సభ్యుడు

అన్నా, ఆ మాటకి థాంక్స్.

నేను ఒకటి అనుకుంటున్న. మా దగ్గర యువకులు ఏడెనిమిది మంది ఆదివారం సభ అయినంక కూసుంటరు. సంఘం పెట్టిన ఆ చరిత్ర వ్యాసాలు వాళ్ళతోని వరసగ చదవాలని ఉంది. వాట్సాప్‌ల వేరేవాళ్ళ నుంచి వచ్చేకంటె నా నోటి నుంచి వస్తే మంచిది. ఏది ముందు పెట్టాలె?

పాతప్రతులు

యాజకత్వం, జాతి గురించిన వ్యాసం. 2013 డిసెంబరులో వచ్చింది.

జోసెఫ్ కాలంలో ఎలైజా ఏబెల్ లాంటి నల్లజాతి మగవాళ్ళకి యాజకత్వం ఇచ్చారు. 1852లో బ్రిగమ్ యంగ్ ఆఫ్రికన్ సంతతివాళ్ళకి ఇవ్వకూడదని ప్రకటించాడు. 1978 జూన్‌లో అప్పటి సంఘాధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ ప్రకటన వచ్చేదాకా అదే నడిచింది. ఆ నిషేధానికి ఒకప్పుడు చెప్పిన కారణాలన్నిటినీ ఆ వ్యాసంలో సంఘం తోసిపుచ్చింది. మనవాళ్ళ మీద ఆ నిషేధం లేదు. అయినా ధర్మరాజు గారు హైదరాబాద్ వచ్చింది సరిగ్గా ఆ ఏడాది డిసెంబరులోనే, మీ పిల్లలకి ఆ సంవత్సరం ముందే తెలుసు.

వ్యాసంతో పాటు అందులో లేని రెండు పేర్లు కూడా చెప్పండి. డగ్లస్ వాలెస్ 1976లో ఒక నల్లజాతి వ్యక్తికి యాజకత్వం ఇచ్చాడు, వెలివేశారు. బైరన్ మార్చంట్ 1977 అక్టోబరు మహాసభలో నాయకుల్ని సమర్థిస్తూ చేతులెత్తమన్నప్పుడు లేచి వ్యతిరేకమన్నాడు, ఆ నెలలోనే వెలివేశారు. నిషేధం పోయింది ఎనిమిది నెలలకి.

సికింద్రాబాద్ సభ్యుడు

ఆ రెండు పేర్లు రాసుకున్న. వ్యాసం మొత్తం చదివినంక, వాళ్ళ ప్రశ్నలు అయినంక చెప్త. ఎవరన్నా “మరి వాళ్ళని వెనక్కి తీసుకున్నరా?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ మాటే చెప్త.